బంతి వెంట బతుకు

ఒలింపిక్స్‌లో మన దేశం ఫుట్‌బాల్ ఆడిన రోజులున్నాయి. హంగరీని వణికించిన రోజులున్నాయి. ఆ గోలు కొట్టినవాడు సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ కుర్రాడు. అన్నం మాత్రం కలకత్తా పెట్టింది. పేరు కూడా కలకత్తాకే మిగిలింది. సొంతగడ్డను వదిలి, జట్టు మారి, ఊరు మారి బంతి వెంట పరిగెత్తిన మన గోల్‌వీరుల కథ ఇది.

చిరిగిపోయిన పాత పోలీసు బూట్లు. వాటి తోలుతో చెప్పులు కుట్టే అతను తయారుచేసి ఇచ్చిన జత. వెల రెండు రూపాయలు. తులసీదాస్ బలరాం మొదటి ఫుట్‌బాల్ బూట్లు అవే. ఆ డబ్బుల కోసం అమ్మను ఎంత బతిమాలాడో! ఆమెకేమో కొడుకు చదువుకుని ఏదైనా సర్కారు కొలువులో చేరితే చాలని ఉండేది. ఆటలు అన్నం పెడతాయా అన్నది ఆనాటి ఏ తల్లికైనా ఉండే అనుమానమే. ఈనాటి తల్లులకు లేదంటారా?

బలరాం పుట్టింది 1936లో, ఓ పేద తమిళ కుటుంబంలో. పెరిగిందంతా అమ్ముగూడ మట్టిలోనే. చుట్టూ సైనిక శిబిరాలు. సాయంత్రమైతే మైదానాల్లో సిపాయిల ఆట. ఆ ఆట చూస్తూనే బంతిని కాలికి అంటిపెట్టుకోవడం నేర్చాడు. సైనికుల జట్టు ఆర్మీ కంబాట్ ఫోర్స్ తరఫున ఆడుతున్నప్పుడు ఓ పెద్దమనిషి కంట్లో పడ్డాడు. ఆ పెద్దమనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. భారత ఫుట్‌బాల్‌కు గురువు. అజయ్ దేవగణ్ నటించిన ‘మైదాన్’ సినిమా 2024లో వచ్చింది ఆయన మీదే.

రూపాయి అద్దె సైకిలు

రహీం స్వతహాగా బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. అప్పట్లో ఫుట్‌బాల్ అంటే కలకత్తా, తర్వాత హైదరాబాదే.

రాష్ట్ర జట్టు ఎంపికలకు రమ్మని రహీం పిలిచాడు. వెళ్లడమెలా? అమ్ముగూడ నుంచి హైదరాబాద్ దూరం. జేబులో చిల్లిగవ్వ లేదు. సంగతి తెలుసుకున్న గురువు, సైకిలు అద్దెకు తీసుకోమని రోజుకు రూపాయి చొప్పున చేతిలో పెట్టాడు. ఎండలో అంతదూరం తొక్కుకుంటూ వచ్చి, ఆడి, మళ్లీ తొక్కుకుంటూ ఇంటికి. ఆ రూపాయి వృథా కాలేదు. 1956లో హైదరాబాద్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ మరుసటి ఏడాదీ గెలిచింది. రెండుసార్లూ జట్టులో బలరాం ఉన్నాడు.

అదే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ విమానం ఎక్కాడు. వయసు ఇరవై. అక్కడ మన జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరింది. చివరికి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో అంతకు మించిన ఫలితం మనకు మళ్లీ రాలేదు.

జీతం ఎవరిచ్చేవారు?

ఇంత ఆడినా ఆటగాడి చేతికి వచ్చేది తక్కువే. ఆ రోజుల్లో మన ఫుట్‌బాల్ క్రీడాకారులంతా కాగితాల మీద అమెచ్యూర్లే. ఆడినందుకు జీతం ఉండదు. బతుకుతెరువు కోసం ఉద్యోగం కావాలి. పోలీసు, రైల్వే, కస్టమ్స్, పోర్టు, టాటాల వంటి కంపెనీలు.. ఎవరు ఉద్యోగమిస్తే వారి జెర్సీ తొడుక్కోవడమే. అందుకే ఆనాటి ఫార్వర్డ్ ఆటగాడు ఊరూరా తిరిగే పనివాడిలాంటివాడు. వరికోతలకు వలసవెళ్లే కూలీ చేతిలో కొడవలి ఉంటుంది, ఇతని కాళ్లకు బూట్లుంటాయి. తేడా అంతే.

పైగా గోల్ కొట్టేవాడి కష్టం వేరు. డిఫెండర్ పదిసార్లు అడ్డుకుని ఒక్కసారి విఫలమైతే ‘పాపం’ అంటారు. ఫార్వర్డ్ పదిసార్లు విఫలమైనా ఒక్కసారి కొడితే భుజాలకెత్తుకుంటారు. నాలుగు మ్యాచ్‌లు వరుసగా గోలు లేకపోతే అదే జనం ‘ఇతన్ని ఎందుకు ఉంచారు?’ అంటారు. ఏటా క్లబ్బులు ఆటగాళ్లను మార్చుకునే రోజులొచ్చేసరికి ముందుగా లెక్కల్లోకి వచ్చేది గోళ్లు కొట్టేవాడి పేరే.

బలరాం విషయంలోనూ అదే జరిగింది. హైదరాబాద్‌లో రైడర్స్ క్లబ్, సిటీ పోలీస్ జట్ల తరఫున ఆడాక కలకత్తా నుంచి పిలుపొచ్చింది. 1957లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరాడు.

గోదావరి దాటి..

సికింద్రాబాద్ నుంచి కోస్తా మీదుగా కలకత్తా వెళ్లాలంటే అప్పట్లో రాజమండ్రి దగ్గర హేవలాక్ వంతెన దాటాల్సిందే. 1900లో మొదలై 1997 దాకా రైళ్లను మోసిన ఆ వంతెన ఎన్ని బతుకుల్ని అటు పంపిందో! గోదావరి జిల్లాల నుంచి, శ్రీకాకుళం, విశాఖల నుంచి పనికోసం తూర్పునకు వెళ్లినవారికి ఖరగ్‌పూర్ రెండో ఊరైంది. వాల్తేరు దాకా రైళ్లు నడిపిన బెంగాల్ నాగపూర్ రైల్వే అక్కడ పెద్ద వర్క్‌షాపు పెట్టడమే అందుకు కారణం. ఆ రైల్వేకే ఓ ఫుట్‌బాల్ జట్టు ఉండేది. దాని పేరు బీఎన్‌ఆర్. కలకత్తాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్‌ల తర్వాత అందరూ చెప్పుకొనే పేరు అదే.

ఆ జట్టులోనే అప్పలరాజు అని ఒక ఫార్వర్డ్ ఆడాడు. పేరే చెబుతోంది మనవాడని! 1964 ఆసియా కప్‌లో దక్షిణ కొరియా మీద రెండో నిమిషంలోనే గోలు కొట్టాడు. ఆ మ్యాచ్‌లో భారత్ 2-0తో గెలిచింది. టోర్నీలో రన్నరప్‌గా నిలిచింది. ఆసియా కప్‌లో మన దేశానికి ఇప్పటికీ అదే అత్యుత్తమ ఫలితం. మన ఇళ్లలో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

ఎరుపు, పసుపు జెర్సీ

కలకత్తాలో బలరాం ఆట వికసించింది. ఈస్ట్ బెంగాల్ ఎరుపు, పసుపు జెర్సీలో అయిదారేళ్లు గోళ్ల పంట పండించాడు. బెంగాల్ తరఫునా సంతోష్ ట్రోఫీ అందుకున్నాడు. 1961లో క్లబ్బుకు కెప్టెన్. ఈస్ట్ బెంగాల్ అంతకుముందు కలకత్తా లీగ్ గెలిచింది 1952లో. తొమ్మిదేళ్ల ఎదురుచూపు బలరాం సారథ్యంలో తీరింది. అదే ఏడాది ఐఎఫ్ఏ షీల్డును మోహన్ బగాన్‌తో కలిసి పంచుకుంది.

దేశం తరఫున చునీ గోస్వామి, పీకే బెనర్జీ, బలరాం.. ఈ ముగ్గురినీ కలిపే చెప్పుకొనేవారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో మొదటి మ్యాచ్ హంగరీతో. ఆ టోర్నీలో కాంస్యం గెలిచిన జట్టది. మనవాళ్లు 1-2తో ఓడారు. ఆ ఒక్క గోలూ బలరామ్‌దే. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. పెరూ చేతిలో 1-3 ఓటమి. అందులోనూ మన గోలు బలరామ్‌దే. మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు వెళ్లడం అదే ఆఖరు.

రెండేళ్ల తర్వాత 1962 జకార్తా ఆసియా క్రీడలు. కోచ్ రహీం అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. మొదటి మ్యాచ్‌లో కొరియా చేతిలో ఓడిన జట్టు ఫైనల్లో అదే కొరియాను 2-1తో ఓడించింది. మెడలో బంగారు పతకం. ఆ ఏడాదే అర్జున అవార్డు. బలరామ్‌కు ఇరవై ఆరేళ్లు. ఇంకా పదేళ్లు ఆడతాడనుకున్నారంతా.

1963

ఆ ఏడాది మాత్రం కలిసిరాలేదు. బలరాం ఈస్ట్ బెంగాల్‌ను వదిలి రైల్వే ఉద్యోగంతో బీఎన్‌ఆర్‌కు మారాడు. ఆ ఏటి ఐఎఫ్ఏ షీల్డును బీఎన్‌ఆర్ గెలుచుకుంది కూడా. అయితే ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వాపు వచ్చింది. ప్లూరసీ అంటారు దాన్ని. గట్టిగా గాలి పీలిస్తే ఛాతీలో కత్తి గుచ్చినట్టుంటుంది. పరుగే పెట్టుబడి అయినవాడికి ఊపిరే చాలకపోతే ఇంకేముంది! 27 ఏళ్లకే ఆట ఆపేయాల్సి వచ్చింది.

అదే 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. చేతిలో రూపాయి పెట్టి సైకిలెక్కించిన గురువు, ఆ కుర్రాడి ఆట.. రెండూ ఒకే ఏడాదిలో ముగిసిపోయాయి.

ఆట పోయినా కూడు పోలేదు. కారణం రైల్వే ఉద్యోగం. అమ్మ కోరుకున్న సర్కారు కొలువు ఆటే తెచ్చిపెట్టింది. తర్వాత కోచ్‌గా కుర్రాళ్లకు ఆట నేర్పారు. జాతీయ జట్టు సెలెక్టర్‌గానూ పనిచేశారు. హైదరాబాద్‌కు తిరిగి రాలేదు. పెళ్లి చేసుకోలేదు. కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో స్థిరపడిపోయారు. చునీకి 1983లో, పీకేకు 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరామ్‌కు చివరిదాకా రాలేదు. ఆ బాధను ఆయన దాచుకోనూ లేదు. 2020లో నెల తేడాతో పీకే, చునీ వెళ్లిపోయారు. 2023 ఫిబ్రవరి 16న 86 ఏళ్ల బలరామ్ కూడా వెళ్లిపోయారు.

కోనసీమ కుర్రాడు, అమలాపురానికి చెందిన సాత్విక్‌సాయిరాజ్ బ్యాడ్మింటన్ డబుల్స్‌లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచాడు, 2023 సంవత్సరానికి ఖేల్‌రత్న అందుకున్నాడు. గోదావరి జిల్లాలన్నీ పండగ చేసుకున్నాయి. చేసుకోవాలి కూడా. ఆసియా స్వర్ణమే తెచ్చిన బలరామ్‌ను మాత్రం బెంగాల్ తనవాడనుకుంది. మనం ఎక్కడో కలకత్తా ఆటగాడనుకున్నాం.

ఆ దారిలో మరొకడు

బలరాం తర్వాత హైదరాబాద్ నుంచి అదే దారి పట్టిన గోల్‌వీరుడు షబ్బీర్ అలీ. 1974లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా యూత్ టోర్నీలో భారత జట్టుకు కెప్టెన్. ఇరాన్‌తో కలిసి టైటిల్ పంచుకుంది ఆ జట్టు. ఆ తర్వాత బొంబాయిలో టాటా, కలకత్తాలో ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్. కోచ్‌గా మారి గోవా వెళ్లి, సాల్గావ్‌కర్‌కు 1998-99 జాతీయ లీగ్ టైటిల్ తెచ్చిపెట్టాడు. సొంతూరు హైదరాబాదే అయినా, పేరు తెచ్చింది మాత్రం బొంబాయి, కలకత్తా, గోవా. 2011లో ధ్యాన్‌చంద్ పురస్కారం దక్కింది.

ఇప్పుడు కాలం మారింది. ఆటగాడికి రాతపూర్వక ఒప్పందం, చేతికి జీతం వచ్చాయి. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ కూడా వచ్చింది. భరోసా వచ్చిందా అంటే చెప్పలేం. 2022లో లీగ్ టైటిల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీనే చూడండి. బకాయిల గొడవల మధ్య ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 2025లో ఏకంగా ఆ క్లబ్బే ఢిల్లీకి తరలిపోయింది. ఒకప్పుడు ఆటగాడు ఊరు విడిచేవాడు, ఇప్పుడు జట్టే ఊరు విడిచింది!

నిజామాబాద్ నుంచి జాగ్రెబ్ దాకా

ఇంత జరిగినా బంతి వెంట వెళ్లేవాళ్లు ఆగలేదు. ఈసారి వెళ్లింది ఓ అమ్మాయి. తెలంగాణలో గోదావరి అడుగుపెట్టే నిజామాబాద్ జిల్లాలో ఓ తండాకు చెందిన గుగులోత్ సౌమ్య. రైతు బిడ్డ. మొదట పరుగు పందేల్లో దిగింది. ఆ వేగం చూసిన కోచ్ ఫుట్‌బాల్ వైపు మళ్లించాడు. ముంబయిలో కెంక్రే, కేరళలో గోకులం, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్, మళ్లీ గోకులం, ఆ తర్వాత ఈస్ట్ బెంగాల్. వయసు పాతిక నిండకముందే ఇన్ని జెర్సీలు!

ఈస్ట్ బెంగాల్ అమ్మాయిల జట్టు 2024-25లో జాతీయ మహిళల లీగ్ గెలిచింది. టైటిల్ ఖాయం చేసిన మ్యాచ్‌లో ఒడిశా మీద 1-0తో నెగ్గింది. ఆ గోలు సౌమ్యదే. ఆ ఏడాది దేశంలో అత్యుత్తమ క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెనే ఎంచుకుంది. అరవై ఏళ్ల క్రితం బలరాం తొడుక్కున్న ఎరుపు, పసుపు రంగులే ఇవీ.

ఈ ఆదివారం మీ వీధిలో పిల్లలు బంతి తంతూ కనిపిస్తే ఆ ఇద్దరి పేర్లూ ఒకసారి చెప్పండి. తెలుగు నేల మీద పుట్టిన బలరాం ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోలు కొట్టాడని, తండాలో పుట్టిన సౌమ్య కలకత్తా క్లబ్బును గెలిపించిందని. వాళ్లను అక్కున చేర్చుకున్న ఊళ్లకు ఆ పేర్లు ఎలాగూ గుర్తుంటాయి. గుర్తుపెట్టుకోవాల్సింది పుట్టిన ఊళ్లే.