తగినంత ఉప్పు అంటే కంప్యూటరుకి ఎంత?

"నిమ్మకాయంత చింతపండు నానబెట్టి, పోపు దోరగా వేయించి, ఉప్పు తగినంత వేసి దించుకోండి" అంటే మీకు ఇంకేమీ చెప్పక్కర్లేదు కదా! ఏ నిమ్మకాయ అని మీరు అడగరు. ఇంట్లో ఎంతమంది ఉన్నారు, మామగారికి బి.పి. ఉందా, చింతపండు కొత్తదా పాతదా అన్నది మీ చెయ్యే చూసుకుంటుంది. మనం నోటితో చెప్పేది సగమే. మిగతా సగం వినేవాళ్ళ అనుభవంలో ఉంటుంది. మన మాటల్లోనే కంప్యూటరుతో పని చేయించాలని చూసినవాళ్ళందరికీ చిక్కొచ్చింది ఆ రెండో సగంతోనే.

అలా చేయించాలని మొదట్లోనే గట్టిగా పట్టుబట్టింది ఒక స్త్రీ అంటే మీకు సంతోషంగా ఉండదూ? ఆవిడ పేరు గ్రేస్ హాపర్. 1906లో న్యూయార్క్‌లో పుట్టి, లెక్కల్లో డాక్టరేట్ తెచ్చుకుని, 1943లో అమెరికా నౌకాదళంలో చేరారు. ఆ రోజుల్లో కంప్యూటరుకి ఏ పని చెప్పాలన్నా అంకెలూ గుర్తులే. జీతాల లెక్కలు, సరుకు నిల్వలు చూసుకునే గుమాస్తాలకి అవి ఏం అర్థమవుతాయి? వాళ్ళు మామూలు ఇంగ్లీషు మాటల్లో రాస్తే యంత్రమే తన గుర్తుల్లోకి మార్చుకోవాలన్నారు హాపర్. కంప్యూటరుకి ఇంగ్లీషు అర్థం కాదు పొమ్మన్నారు పైవాళ్ళు. ఆవిడ ఊరుకోలేదు. 1950లలో ఫ్లో-మాటిక్ అనే భాషని తయారు చేయించారు. అదే పద్ధతిలో ఫ్రెంచి, జర్మన్ మాటలతో కూడా రాసి చూపిస్తే, అమెరికాలో చేసిన యంత్రానికి ఫ్రెంచి ఎలా వస్తుందని పెద్దలు కంగారుపడ్డారట! నిజానికి దానికి ఏ భాషా రాదు. ఫలానా మాట కనిపిస్తే ఫలానా పని చెయ్యి అని ముందే పట్టిక కట్టి పెట్టారు, అంతే.

ఫ్లో-మాటిక్ బాటలోనే 1959లో కోబాల్ అనే భాషకి రూపకల్పన మొదలైంది. ఆ పనిలో జీన్ సామెట్ అనే మరో మహిళ కూడా ముఖ్యపాత్ర వహించారు. "మల్టిప్లై అవర్స్ బై రేట్ గివింగ్ పే" అని రాస్తే చాలు, పని గంటల్ని రేటుతో హెచ్చవేసి జీతం ఎంతో తేలుస్తుంది. చదవడానికి సులువే. రాయబోతేనే దాని గడుసుతనం తెలుస్తుంది. వాక్యం చివర పెట్టాల్సిన చుక్క ఒకచోట మరిచిపోతే, "ఇలా అయితేనే చెయ్యి" అన్న షరతు తర్వాతి వాక్యాలకి కూడా అంటుకునేది. అత్తగారు "చుట్టాలొస్తే పాయసం చెయ్యి, పప్పు కూడా" అన్నారనుకోండి. పప్పు చుట్టాలొస్తేనా, ఎలాగూ చెయ్యాలా? మనం ఆవిడ ముఖం చూసి గ్రహిస్తాం. యంత్రం ఎవరి ముఖం చూస్తుంది?

ఈ కోబాల్ మనకేమీ పరాయిది కాదు. 1990ల చివర, 2000 సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తారుమారవుతాయని ప్రపంచమంతా భయపడినప్పుడు, హైదరాబాద్ అమీర్‌పేటలో ఎందరో మన పిల్లలు నేర్చుకున్నది దీన్నే. 2020లో కరోనా సమయంలో కూడా, కోబాల్ తెలిసినవాళ్ళు సాయానికి రావాలని న్యూజెర్సీ గవర్నరు బహిరంగంగా అడిగారు.

ఇప్పటి సంగతి వేరు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక పట్టికలో ఉన్న మాటలే వాడాలన్న నియమం పోయింది. ఇలాంటి యంత్రాలు బోలెడంత రాతని చదివి, ఏ మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో నేర్చుకున్నాయి. "వంకాయ కూర మిగిలింది, రాత్రికి ఏం చెయ్యను?" అని సగం తెలుగు, సగం ఇంగ్లీషులో అడిగినా జవాబిస్తాయి. హాపర్ కోరుకున్నదానికంటే ఇది ఎక్కువే. కాకపోతే మనం చెప్పకుండా వదిలేసిన సగాన్ని చాలాసార్లు ఊహించి పూరిస్తాయి. ఆ ఊహ తప్పయినా గొంతులో తడబాటు ఉండదు.

కూర చెడితే పోనీలే అనుకోవచ్చు. "బాబుకి జ్వరం, సిరప్ ఎన్ని చెంచాలు పొయ్యాలి?" అని అడిగితే? ఆ ప్రశ్నలో ఎన్ని లోపించాయో చూడండి. బాబు బరువెంత? ఏ చెంచా? టీ చెంచా అంటే 5 మిల్లీలీటర్లు, పెద్ద చెంచా అంటే 15. పోనీ సీసా అయినా ఒకటే రకమా? పారాసెటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములు ఉన్నదీ దొరుకుతుంది, 250 ఉన్నదీ దొరుకుతుంది. చంటిపిల్లల చుక్కల మందయితే ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉండొచ్చు. మీరు చెప్పనిది ఫోనుకి ఎలా తెలుస్తుంది? మందు మోతాదు డాక్టరుగారినే అడగండి. సీసా మీద అంకె చదివి చెప్పండి, దానితో వచ్చిన కొలత కప్పుతోనే పొయ్యండి. వంటింటి చెంచా వద్దు.

వంటలకీ, పిల్లల చదువులకీ, ఉత్తరాలు రాయించుకోవడానికీ నిశ్చింతగా వాడుకోండి. ఒక చిన్న కిటుకు: అడగ్గానే జవాబు చెప్పమనకండి. "ముందు నీకు ఏమేం తెలియాలో నన్ను అడుగు" అనండి. బిర్యానీ ఎంతమందికి, బియ్యం ఏ రకం, కుక్కరు ఎన్ని లీటర్లది, కారం ఎంత తింటారు అని వరసపెట్టి అడగడం మొదలెడుతుంది. కొత్తకోడలికి చెప్పినంత ఓపిగ్గా చెప్పాలి మరి!