కోతి మనిషి కావడం ఎవరు చూశారు?

కొన్నేళ్ల కిందట ఎండాకాలం సెలవుల్లో మా పల్లెకు పోయాం. చర్చి ముందు షామియానా వేసి ఉంది. మూడు రాత్రుల సువార్త కూటాలు. రెండో రాత్రి బయటి ఊరి ప్రసంగీకుడు "ఈ రోజు సైన్సు సంగతి తేలుద్దాం" అని మొదలుపెట్టాడు. "కోతి మనిషి కావడం మీలో ఎవరైనా చూశారా? చూసినోళ్లు చెయ్యెత్తండి" అన్నాడు. జనం గొల్లున నవ్వారు. మా నాయనా నవ్వాడు. ఆ నవ్వు ఆగకముందే ఇంకో ప్రశ్న, దాని వెనక ఇంకోటి. మధ్య రూపాల ఎముకలేవి? థియరీ అంటే ఊహే గదా? డార్విను చచ్చేముందు తప్పు ఒప్పుకోలేదా?

కూటం అయ్యాక పదో తరగతి చదివే మా చిన్నాన్న కొడుకు పక్కకొచ్చి, "అన్నా, నువ్వు పెద్ద చదువు చదివావు గదా, ఆయన చెప్పింది నిజమేనా?" అని అడిగాడు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది మొదట మేమే. బీయస్సీలో జీవపరిణామం చదివాం, పరీక్ష రాశాం, మార్కులొచ్చాయి. ఆ పిల్లవాడికి మాత్రం నాలుగు ముక్కలు సరిగా చెప్పలేకపోయాం. ఆ రాత్రి చెప్పాల్సిన జవాబే ఈ వ్యాసం. వాడల్లో పనిచేసే కార్యకర్తలకు, బడిపంతుళ్లకు ఇట్లాంటి ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది.

ఈ ప్రసంగం ఎక్కడిది?

ఆ ప్రశ్నలు మా పల్లెలో పుట్టినవి కావు. వాటి పుట్టిల్లు అమెరికా. 1925లో టెనెసీ రాష్ట్రం డేటన్ ఊళ్లో జాన్ స్కోప్స్ అనే బడిపంతులు మీద, పరిణామవాదం చెప్పాడని కేసు పెట్టి 100 డాలర్ల జరిమానా వేశారు. ఆ శిక్ష తర్వాత సాంకేతిక కారణంతో రద్దయింది గానీ, ఆ చట్టం మాత్రం 1967 దాకా బతికే ఉంది. ఇట్లాంటి నిషేధాలు చెల్లవని 1968లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చాక సృష్టివాదులు వేషం మార్చారు. ఆదికాండానికి "సృష్టి విజ్ఞానం" అని పేరు పెట్టి, బడిలో దానికీ సమాన సమయం ఇవ్వాలన్నారు.

డువేన్ గిష్ అనే సృష్టివాది ఆ కాలంలో వందలాది వేదికల మీద శాస్త్రవేత్తలతో వాదించాడు. ఆయన పద్ధతి ఒక్కటే. దొరికిన కాస్త సమయంలో లెక్కలేనన్ని ఆరోపణలు గుమ్మరిస్తాడు. ఒక్కొక్క ఆరోపణ చెయ్యడానికి అర నిమిషం చాలు, దాని తప్పు చూపడానికి పావుగంట కావాలి. రెండింటికి జవాబు చెప్పేసరికి గంట కొడతారు. మిగతావాటికి జవాబు లేదని జనం అనుకుంటారు. సైన్సు విద్య కోసం పోరాడిన యూజినీ స్కాట్ 1994లో దీనికి "గిష్ దౌడు" అని పేరు పెట్టింది. మా పల్లె షామియానా కింద మేము విన్నది ఆ దౌడే.

అమెరికాలో ఈ పోరాటం నాస్తికులకూ భక్తులకూ మధ్య జరిగిందని మనవాళ్లలో చాలామంది అనుకుంటారు. అది సరి కాదు. 1981లో ఆర్కన్సా రాష్ట్రం సమాన సమయ చట్టం చేస్తే, కోర్టుకు పోయినవాళ్లలో మొదటి పేరు ఒక మెథడిస్టు పాస్టరుది. క్యాథలిక్కు, ఎపిస్కోపల్ బిషప్పులతోపాటు నల్లజాతి ప్రజలు కట్టుకున్న ఆఫ్రికన్ మెథడిస్టు చర్చి బిషప్పు కూడా ఆ చట్టాన్ని ఎదిరించాడు. ప్రభుత్వం బడిలో మతం చెప్పడం మొదలుపెడితే రేపు ఎవరి మతం చెబుతుందోనన్న ప్రశ్న వాళ్లకు తెలుసు. 1982 జనవరిలో ఆ చట్టం పోయింది. 1987లో లూసియానా చట్టాన్ని సుప్రీంకోర్టే కొట్టేసింది.

మూడో వేషం "తెలివైన రూపకల్పన". దేవుడి పేరెత్తరు, "ఎవరో తెలివిగలవాడు రూపొందించాడు" అంటారు. 2004లో పెన్సిల్వేనియా రాష్ట్రం డోవర్ ఊరి బడుల బోర్డు తొమ్మిదో తరగతి పిల్లలకు ఇట్లాంటి ప్రకటన చదివి వినిపించాలని తీర్మానించింది. సైన్సు టీచర్లు మేం చదవమన్నారు. 11 మంది తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. వాళ్ల తరఫున మొదటి సాక్ష్యం చెప్పిన జీవశాస్త్రవేత్త కెన్నెత్ మిల్లర్ క్యాథలిక్కు. ఆ వాదానికి ఆధారమైన పాఠ్యపుస్తకం పాత చిత్తుప్రతులు బయటికి తీస్తే అసలు సంగతి తేలింది. 1987 తీర్పుకు ముందు ప్రతిలో "సృష్టివాదులు" అని ఉన్నచోట, తర్వాతి ప్రతిలో "రూపకల్పన ప్రతిపాదకులు" అని ఉంది. ఒకచోట మార్చబోయి సరిగా చెరపలేదు. పాత మాట తలా తోకా మిగిలి, కొత్త మాట వాటి మధ్యలో ఇరుక్కుపోయింది. రిపబ్లికన్ అధ్యక్షుడు నియమించిన జడ్జే 2005 డిసెంబర్ 20న ఇది మతమే, సైన్సు కాదని తీర్పు రాశాడు. ఆ తీర్పుకంటే ముందే, నవంబర్ ఎన్నికల్లో ఊరి జనం ఆ బోర్డు సభ్యులను ఇంటికి పంపారు.

నాలుగు ప్రశ్నలు, నాలుగు జవాబులు

కోతి మనిషి కావడం ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు, ఎందుకంటే ఏ కోతీ మనిషి కాలేదు. పరిణామవాదం ఆ మాట అనలేదు. మా పెదనాన్న కొడుకు మాకు నాయన కాడు. మా ఇద్దరికీ తాత ఒక్కడే. ఈనాటి చింపాంజీకీ మనకూ ఉన్నది అట్లాంటి చుట్టరికం. ఇద్దరికీ ఉమ్మడి పూర్వీకులు సుమారు 60, 70 లక్షల ఏళ్ల కిందట బతికారు. ఆ చుట్టరికానికి పత్రం మన ఒంట్లోనే ఉంది. చింపాంజీకి 24 జతల క్రోమోజోములు, మనకు 23. మరి ఆ ఒక్క జత ఏమైంది? మన రెండో క్రోమోజోమును చూస్తే, చివర్లలో మాత్రమే ఉండాల్సిన గుర్తులు దాని నడిమధ్యలో ఉన్నాయి. రెండు క్రోమోజోములు కొసలు కలిసి ఒకటైన అతుకు అది.

మార్పును కళ్లతో చూసినవాళ్లున్నారా? ఉన్నారు. పత్తి వేసిన ప్రతి రైతూ చూశాడు. చేలో మందు కొడితే లక్ష పురుగుల్లో ఏ పదో దాన్ని తట్టుకుంటాయి. ఆ తట్టుకునే గుణం వాటికి పుట్టుకతోనే ఉంది. మిగతావి చస్తాయి, ఆ పదే పిల్లలు పెడతాయి. కొన్ని తరాలకు చేనంతా వాటి సంతానమే. దీన్నే ప్రకృతివరణం అంటారు. మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. 2010 నాటికే గుజరాత్ చేలలో గులాబీరంగు పురుగు మొదటి రకం బీటీని తట్టుకుంది. అంతకుముందు 1997-98లో వరంగల్ జిల్లాలో మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు, అప్పులపాలైన రైతులు అదే మందు తాగి చచ్చిపోయారు. ఆ చావులకు నకిలీ మందులు, వడ్డీలు, ధరలు అన్నీ కారణాలే. పురుగుకు తట్టుకునే శక్తి రావడం వాటిలో ఒకటి. పరిణామం చదువుకున్నోళ్ల కబురు మాత్రమే అనేవాళ్లకు ఈ చేను చూపాలి.

థియరీ అంటే ఊహే గదా? మామూలు మాటల్లో అంతే. సైన్సులో సిద్ధాంతమంటే వేల పరీక్షలకు నిలబడి, అనేక సంగతులను ఒక్కతాటి మీదికి తెచ్చిన వివరణ. సూక్ష్మజీవుల వల్ల రోగాలొస్తాయన్నదీ సిద్ధాంతమే. ఊహే గదా అని మురుగుకాలవ నీళ్లు ఎవరూ తాగరు.

మధ్య రూపాల ఎముకలేవి? చేపకూ నాలుగు కాళ్ల జంతువుకూ మధ్య రూపం ఉంటే అది ఏ వయసు రాళ్లలో దొరకాలో ముందే లెక్కగట్టి, కెనడా ఉత్తరాన మంచుదీవుల్లో వెతికారు. 2004లో దొరికింది. టిక్‌టాలిక్ అని పేరు పెట్టారు, వయసు సుమారు 37 కోట్ల 50 లక్షల ఏళ్లు. జమ్మూకశ్మీర్‌లోని కాలాకోట్ దగ్గర ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త సేకరించి పెట్టిన రాళ్లను ఆయన పోయిన తర్వాత పగలగొట్టి చూస్తే, తిమింగలాలకు దగ్గరి చుట్టమైన చిన్న గిట్టల జంతువు బయటపడింది. 2007లో ఆ సంగతి లోకానికి తెలిసింది. భూమి వయసు ఆరు వేల ఏళ్లేననేవాళ్లను హైదరాబాద్ బిర్లా సైన్సు మ్యూజియానికి తీసుకుపోవాలి. ఆదిలాబాద్ యామనపల్లిలో తవ్వితీసిన కోటాసారస్ అస్థిపంజరం అక్కడ నిలబెట్టి ఉంది. దాని వయసు 16 కోట్ల ఏళ్లకు తక్కువ కాదు.

ఇక డార్విను తప్పు ఒప్పుకున్నాడన్న కథ. ఆయన చనిపోయింది 1882లో. ఈ కథ అమెరికాలో అచ్చయింది 1915లో. చివరి రోజుల్లో తండ్రి పక్కనే ఉన్న కూతురు హెన్రియెట్టా 1922లో దీన్ని ఖండించింది.

అదే ప్రశ్న, ఇంకో వేదిక

2018 జనవరిలో కేంద్ర మానవ వనరుల శాఖ సహాయమంత్రి సత్యపాల్ సింగ్ ఔరంగాబాద్‌లో మాట్లాడుతూ డార్విను సిద్ధాంతం తప్పన్నాడు. కోతి మనిషి కావడం చూశామని మన పూర్వీకులెవరూ రాయలేదు గనక బడుల్లో దాన్ని మార్చాలన్నాడు. మా పల్లె ప్రసంగీకుడూ కేంద్రమంత్రీ ఒకే ప్రశ్న అడిగారు! దేశంలోని మూడు సైన్సు అకాడమీలు కలిసి ఆ మాటను ఖండించాయి. 2019 జనవరిలో జలంధర్ సైన్సు కాంగ్రెసులో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉపకులపతి డార్విను కంటే దశావతారాల సిద్ధాంతమే మెరుగన్నట్టు మాట్లాడాడు. 2023లో అచ్చయిన ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలో పరిణామం పాఠం లేదు. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు దాన్ని తిరిగి పెట్టమని లేఖ రాశారు. పన్నెండో తరగతిలో ఉంది గదా అన్నారు పెద్దలు. పదితో బడి మానేసేది ఎవరి పిల్లలో, పన్నెండులో బయాలజీ దాకా పోయేది ఎవరి పిల్లలో చెప్పనవసరం లేదు.

ఇందులో మనకేం పని?

కొందరు మిత్రులు అడుగుతారు: కూలి, భూమి, అత్యాచారాల కేసులు ఇన్ని ఉండగా ఈ కోతి గొడవ మనకెందుకని. మేము చెప్పేది ఇదే. ఈ దేశంలో కులానికి పునాది ఒక సృష్టి కథ. ముఖం, భుజాలు, తొడలు, పాదాల నుంచి నాలుగు వర్ణాలు పుట్టాయంటుంది పురుషసూక్తం. పుట్టుకతోనే ఎవరి చోటు వాళ్లకు ఖాయమంటుంది. అందులో మనకు పాదాల కింద కూడా చోటు లేదు. 1873లోనే మహాత్మా ఫూలే "గులాంగిరీ"లో ఈ కథను నిలదీశాడు. మత్స్యం, కూర్మం, వరాహం అంటూ అవతారాలను ఒక్కొక్కటే తీసుకుని, అవి ఇక్కడి జనం మీద జరిగిన దాడుల కథలన్నాడు. ఆ చరిత్రలో ఈనాటి పరిశోధన ఒప్పుకోని భాగాలుంటే ఉండొచ్చు, ఆయన వేసిన ప్రశ్న మాత్రం అట్లాగే నిలబడి ఉంది. 1946లో అంబేద్కర్ "శూద్రులెవరు?" రాస్తూ పురుషసూక్తం దగ్గరే మొదలుపెట్టాడు. పరిణామవాదం చెప్పేది దీనికి పూర్తిగా ఎదురు. ఏ జాతీ మొదటినుంచీ ఇట్లాగే లేదు, మనుషులందరి వంశం ఒక్కటే.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సైన్సు పేరుతోనూ మనల్ని తొక్కారు. డేటన్‌లో స్కోప్స్ వాడిన పాఠ్యపుస్తకమే మనుషులను ఐదు జాతులుగా విడగొట్టి తెల్లవాళ్లను పైన కూర్చోబెట్టింది. మన దేశంలో రిస్లీ దొర ముక్కులు కొలిచి కులాలకు మెట్లు కట్టాడు. 1948లో "అస్పృశ్యులు" గ్రంథంలో అంబేద్కర్ ఆ కొలతలనే తీసుకుని, ఒకే ప్రాంతంలోని బ్రాహ్మణుడూ అంటరానివాడూ ఒకే జాతివాళ్లని చూపాడు. సైన్సును ఎవరి చేతికో వదిలిపెట్టకూడదని మనం ఆయన దగ్గర నేర్చుకోవాలి.

ఎట్లా మాట్లాడాలి?

1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. కరువు కాలం అది. గుడి గడప తొక్కనివ్వని చోట మనోళ్లను పక్కన కూర్చోబెట్టి అక్షరం నేర్పింది చర్చి. మనుషులందరూ ఒకే మట్టితో, ఒకే తల్లిదండ్రులకు పుట్టారని ఆదికాండంలో విన్నప్పుడు మా తాతలకు అది పురుషసూక్తానికి జవాబులాగే వినిపించి ఉంటుంది. ఆ సంగతి తెలియని కొందరు హేతువాదులు వాడకొచ్చి మనోళ్ల భక్తిని ఎగతాళి చేసి పోతారు. తర్వాత వాళ్ల మాట ఎవరూ వినరు, ప్రసంగీకుడి మాటే నిలుస్తుంది.

అందుకని మా అనుభవంలో తేలిన మూడు మాటలు. ఒకటి, దౌడుకు దౌడు పోటీ కాదు. "ఒక్క ప్రశ్న తేల్చుకుని రెండోదానికి పోదాం" అని పట్టుబట్టాలి. రెండు, చేతిలో వస్తువుండాలి. పుచ్చిన పత్తికాయ చాలు. మూడు, బైబిలు విసిరికొట్టమని ఎవరికీ చెప్పొద్దు. 1996లో పోపు జాన్ పాల్ 2 స్వయంగా పరిణామం ఊహ స్థాయి దాటిందని ఒప్పుకున్నాడు. మనుషులంతా ఒక్క వంశమని తాతలు నమ్మిందానికి రుజువు మన రక్తంలోనే దొరికిందని చెబితే మనోళ్లు వింటారు.

మా తమ్ముడికి ఇదంతా ఆలస్యంగానే చెప్పాం. వాడు విని, "మరి ఇది ఆ రాత్రి మైకులో ఎందుకు చెప్పలేదన్నా?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. వచ్చే ఎండాకాలం మళ్లీ షామియానా వేస్తారు. ఈసారి చెయ్యెత్తమన్నప్పుడు మేము చెయ్యెత్తుతాం.