పాత కారు ట్యాంకీ బుస్సుమంటోందా?

రోహిణీకార్తె ఎండ. పెళ్లికి వెళ్లి తిరిగివస్తున్న పాత కారు దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగుతుంది. బంకు కుర్రాడు ట్యాంకీ మూత తిప్పగానే బుస్సుమని పెద్ద చప్పుడు! పెట్రోలు వాసన గుప్పుమంటుంది. కుర్రాడు రెండడుగులు వెనక్కి వేస్తాడు. పేలిపోతుందేమోనని వెనక సీటులోని ముసలమ్మ గబగబా దిగిపోతుంది. డ్రైవరు మాత్రం "ఎండకు అంతేలే మామ్మా, ఎక్కు" అంటాడు. పల్నాడులో, అందులోనూ రెంటచింతల వైపు, వేసవి వచ్చిందంటే ఇది మామూలు దృశ్యమే.

డ్రైవరు చెప్పింది సగం నిజం. ముసలమ్మ భయంలోనూ కొంత నిజం లేకపోలేదు.

పల్లెల్లో నేడు తిరుగుతున్న పాత పెట్రోలు కార్లలో చాలావరకు కార్బురేటరు పోయి ఇంజక్షను వచ్చాక తయారైనవే. 2000వ సంవత్సరంలో పొగ నిబంధనలు బిగించినప్పుడు మారుతి 800 కూడా ఇంజక్షనుకు మారింది. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. అయినా చేతులు మారుతూ ఊళ్లకు చేరిన బళ్లు ఇంకా పరుగెడుతూనే ఉన్నాయి. ఇంజను సంగతి, టైర్ల సంగతి చూసుకునే యజమానులు ట్యాంకీకి ఊపిరి ఆడుతోందా లేదా అన్నది మాత్రం పట్టించుకోవడం లేదు.

ట్యాంకీకి ఊపిరేమిటి? నూనె డబ్బాకు ఒకే చిల్లు పెట్టి వంచితే నూనె గుడగుడమంటూ ఆగి ఆగి పడుతుంది. రెండో చిల్లు పొడిస్తే చక్కగా ధార కడుతుంది. ఎంత నూనె బయటికి పోతే అంత గాలి లోపలికి రావాలి మరి! మోటారు సైకిలు ట్యాంకీ మూతకు సన్నని రంధ్రం పెట్టేది ఇందుకే. అది బురదతో పూడితే బండి కొంతదూరం పోయి ఆగిపోతుందన్న సంగతి కుర్రకారుకు తెలిసిందే.

కార్లకూ ఒకప్పుడు ఇలాంటి ఏర్పాటే ఉండేది. ఆ రంధ్రం గుండా పెట్రోలు ఆవిరి రాత్రింబవళ్లు గాలిలో కలిసి ఊపిరితిత్తులకు చేటు చేస్తోందని గుర్తించి, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1970 మోడలు కార్ల నుంచి దానికి కట్టడి విధించింది. అప్పటి నుంచి బొగ్గు డబ్బా వాడుకలోకి వచ్చింది. మన ఇంజక్షను కార్లలోనూ ఉంది. చాలా బళ్లలో బానెట్ ఎత్తితే ఒక మూల నల్లని డబ్బా, దానికి రెండు మూడు రబ్బరు పైపులు కనిపిస్తాయి. అదేమిటని ఎవరూ అడగరు!

ట్యాంకీలో పుట్టిన ఆవిరి పైపు గుండా ఈ డబ్బాలోకి వస్తుంది. అందులోని ప్రత్యేకమైన బొగ్గు ఆవిరిని పట్టి ఉంచుతుంది. ఇంజను నడిచేటప్పుడు పర్జ్ వాల్వు తెరుచుకుంటుంది. డబ్బాకున్న మరో దారి నుంచి బయటి గాలి లోపలికి వచ్చి, బొగ్గులోని ఆవిరిని వెంటబెట్టుకుని ఇంజనులోకి పోయి కాలిపోతుంది. ఆవిరి వృథా కాదు, బొగ్గు మళ్లీ ఖాళీ అవుతుంది. ట్యాంకీలో పెట్రోలు తగ్గినప్పుడు లోపలికి గాలి వచ్చేదీ ఈ దారినో, మూతలో ఉండే చిన్న వాల్వు గుండానో.

ఎండలో కొంత ఒత్తిడి పుట్టడం సహజం. పెట్రోలు వేడెక్కితే ఉబ్బుతుంది, అంతకుమించి ఆవిరవుతుంది. 35 లీటర్ల పెట్రోలు 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు వేడెక్కితే, ఉబ్బడం వల్లనే సుమారు ముప్పాతిక లీటరు పెరుగుతుంది. దీనికి తోడు ఈ తరం ఇంజక్షను కార్లలో చాలావాటికి తిరుగు పైపు ఉంటుంది. ట్యాంకీలోని పంపు అవసరానికి మించి పెట్రోలును ఇంజను దగ్గరకు తోస్తుంది. వాడగా మిగిలినది అక్కడి వేడిని మోసుకుని వెనక్కి వస్తుంది. ట్యాంకీలో నాలుగైదు లీటర్లే ఉంటే అవే తిరిగి తిరిగి త్వరగా కాగుతాయి. వేసవిలో పావు ట్యాంకీకి తగ్గకుండా చూసుకోమని అనుభవజ్ఞులైన మెకానిక్కులు చెప్పేది ఊరికే కాదు. పంపు చల్లబడేదీ ఆ పెట్రోలుతోనే.

కనుక మధ్యాహ్నం మూత తీసినప్పుడు చిన్నగా బుస్సుమంటే కంగారు పడనక్కర్లేదు. చప్పుడు చాలాసేపు సాగినా, పెట్రోలు తుంపరలు ఎగిరినా, చల్లని తెల్లవారుజామున కూడా అదే జరుగుతున్నా ఎక్కడో దారి మూసుకుపోయిందన్నమాట.

లోపలికి పీల్చినా ముప్పే

బుస్సుమనే చప్పుడు రెండు రకాలు. వాసనతో బయటికి తన్నితే లోపల ఒత్తిడి ఉన్నట్టు. వాసన రాకుండా గాలి లోపలికి పోతే ట్యాంకీ పీల్చుకుంటున్నట్టు. ఈ రెండోదాన్ని పట్టించుకునేవారు తక్కువ. బండి పది పదిహేను మైళ్లు పోయి గునిసి ఆగిపోతుంది. వెనక సీటు కింద పంపు కీచుమంటుంది. మూత వదులు చేయగానే బండి మళ్లీ స్టార్టవుతుంది! పంపు పోయిందని కొత్తది వేయించి, వారం తిరక్కుండా మళ్లీ రోడ్డు మీద నిలబడటం ఇలాంటప్పుడే.

ఇందులోని బలం తక్కువది కాదు. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న ట్యాంకీ రేకు మీద, లోపలి గాలి ఒత్తిడి ఇరవయ్యో వంతు తగ్గినా చాలు, సుమారు 140 కిలోల బరువు పడుతుంది. దాదాపు రెండు ధాన్యం బస్తాలు! రేకు లోపలికి సొట్టపోతుందంటే వింతేముంది?

సాలెపురుగు కూడా ఈ పని చేయగలదు. 2011లో మాజ్దా కంపెనీ ఈ కారణంగానే ఉత్తర అమెరికాలో సుమారు 65 వేల కార్లను వెనక్కి పిలిపించింది. బొగ్గు డబ్బాకు గాలి వచ్చే పైపులో ఒక జాతి సాలెపురుగులు గూళ్లు అల్లాయి. దాంతో ట్యాంకీ లోపలికి లాగుకుని పగులు పట్టే ప్రమాదం ఏర్పడింది. 2014లో మరో 42 వేల కార్లకూ ఇదే ఇబ్బంది. మనకు సాలెపురుగులే కాదు, కన్నం కనబడితే మట్టి గూడు పెట్టే కందిరీగలకూ కొదవ లేదు. నెలల తరబడి కొట్టంలో నిలబెట్టిన కారును బయటికి తీసేటప్పుడు ఆ పైపు చివర ఒకసారి చూడటం మంచిది.

మరమ్మతు పేరుతో చేసేవి మరీ ఘోరం. మూత పోతే గుడ్డపీలిక కుక్కి ప్లాస్టిక్ కవరు కడతారు. చప్పుడు వస్తోందని మూతకు మేకుతో చిల్లు పొడుస్తారు. డబ్బా అక్కర్లేదని పైపు కోసి బోల్టు బిగిస్తారు. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. పైకి ఎగిరిపోకుండా నేలబారున పాకుతుంది. కొట్టం మూలనున్న పొయ్యికో, అరుగు మీద వెలిగించిన బీడీకో తగిలితే మంట అదే దారిన కారు దాకా వెనక్కి వస్తుంది. గడ్డివాము పక్కన కారు పెట్టుకునే ఇళ్లలో ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు.

బంకు తుపాకీ టక్కున ఆగిన తర్వాత కూడా "ఇంకో అరలీటరు పట్టించు బాబూ" అని మూతి దాకా నింపించడం మరో అలవాటు. ఆవిరికి వదిలిన ఖాళీ అలా నిండిపోతుంది. పెట్రోలు ద్రవంగానే పైపులోకి పొంగి బొగ్గును తడిపేస్తుంది. తడిసిన బొగ్గు మళ్లీ సరిగా పనిచేయకపోవచ్చు. పెట్రోలు పోయించిన వెంటనే బండి మొరాయించి, నల్లపొగతో దగ్గుతూ స్టార్టయితే పర్జ్ వాల్వు తెరుచుకుని ఉండిపోయిందేమో చూడాలి. ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక పాత రబ్బరు పైపుల మీద అదనంగా కన్నేయాల్సి ఉంది. దానికోసం తయారు కాని రబ్బరు ఉబ్బి, పగుళ్లు పడుతుంది.

మూత కొనేటప్పుడు మరలు పట్టిందా లేదా అని మాత్రమే చూస్తున్నారు. ఆ మోడలుకు సరిపడే వాల్వున్న మూతేనా అని దుకాణంలో అడగాలి. పైపుల్లో నోటితో ఊదడం, పీల్చడం వద్దు. పెట్రోలు గొంతు దిగితే ఆసుపత్రే గతి. వేడి మీద మూత తీయాల్సివస్తే ఇంజను ఆపి, మొహం పక్కకు పెట్టి, కొద్దిగా తిప్పి చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఉండాలి. ఆ తర్వాతే మూత చేతికి తీసుకోవాలి.