నగరమునకు పొలిమేర యెచ్చట?

నగరమనగానే మన కనులముందు మేడలు, రహదారులు, కార్యాలయములు, జనసమ్మర్దము మెదలును. పల్లె యనగానే చెరువు, చేను, పసులమంద జ్ఞప్తికి వచ్చును. ఈ రెంటి నడుమ ఎచ్చటనో ఒక గీటు కలదనియు, దాని కీవల నగరము, ఆవల పల్లె యనియు మనము తలంతుము. కాని పొలిమేరరాయి పాతినచోట నగరము ఆగునా? నగరవాసి త్రాగు నీరు, తిను కూర, పిల్లలకు పోయు పాలు, తుదకు అతడు విడుచు మురుగు, ఇవి యేవియు ఆ రాతిని ఎరుగవు. నగరము చిరకాలము మనవలెనన్నచో దాని చుట్టునున్న నేలయు మనవలెను. ఈ సంబంధమును కొలిచి చూచుటకు కొన్ని విశ్వవిద్యాలయములు కలిసి చేసిన ప్రయత్నమును గూర్చి నేడు ముచ్చటింతము.

బెంగళూరునకు దాపున పెద్ద నది లేదు. 1537లో కెంపేగౌడ కోట కట్టించిన నాటినుండి వాననీటిని నిలుపు చెరువులే ఆ ఊరికి ఆధారము. 1896లో హెసరఘట్టనుండి గొట్టముల ద్వారా నీరు తెచ్చిరి. 1974లో కావేరీజలము వచ్చెను. సుమారు 100 కిలోమీటర్ల దూరమునుండి, దాదాపు 500 మీటర్ల ఎత్తునకు ఆ నీటిని పంపులతో ఎక్కింపవలసియున్నది. 1951లో సుమారు 8 లక్షలుండిన జనసంఖ్య 2011 నాటికి సుమారు 85 లక్షలైనది. దూరపు నీరు లభించినకొలది దగ్గరి చెరువుపై ఆదరము తగ్గెను. 2015లో మురుగుతో నిండిన బెళ్ళందూరు చెరువుపై నురుగు అంటుకొని మండెను. నీటిపై నిప్పు పుట్టుటకంటె వేరు హెచ్చరిక యేమి కావలెను?

మరుసటి యేడు, 2016లో, జర్మనీలోని గొట్టింగెన్, కాసెల్ విశ్వవిద్యాలయములవారు బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారితోను, మరికొన్ని సంస్థలతోను కలిసి ఒక పరిశోధన ప్రారంభించిరి. నగరమునుండి పల్లెలవైపు రెండు పట్టీలను వారు ఎన్నుకొనిరి. ఉత్తరపు పట్టీ 5 కిలోమీటర్ల వెడల్పు, 50 కిలోమీటర్ల పొడవు గలది. రెండవది నైరృతి దిక్కున ఉన్నది. విధానసౌధనుండి గల దూరమును, కట్టడములు ఆక్రమించిన నేల పాలును లెక్కించి, గ్రామములను ఆరు తరగతులుగా విభజించిరి. ఇట్లు చూచినప్పుడు పొలిమేర ఒక గీటుగా గాక, మెల్లమెల్లగా రంగు మారు వస్త్రమువలె కనిపించును.

ఇట్టి పనికి ఒక్క శాస్త్రము చాలదు. నేలను పరీక్షించువారు, పశుపోషణ నెరిగినవారు, అర్థశాస్త్రజ్ఞులు, పుప్పొడిని మోయు తేనెటీగలను లెక్కించువారు ఒకే పట్టీలో పనిచేసిరి. విశ్వవిద్యాలయపు పొలములో రాగి, మొక్కజొన్న, అనపలు వేసి, నీటితోను, వానపైననే ఆధారపడియు, నత్రజని మోతాదులు మార్చి పండించి చూచిరి.

పాడిని గూర్చి వారు తెలిసికొన్న విషయము మనమందరము గమనింపదగినది. నగరము పెరిగినంతమాత్రమున పశువులు తొలగిపోలేదు. మేడల నడుమను పాడి సాగుచునేయున్నది. అయితే మేతకు సొంత పొలము లేని కొందరు తమ ఆవులను వీధులకును చెరువుగట్లకును తోలుచున్నారు; చెరువులలోని గడ్డి కోసి తెచ్చి వేయుచున్నారు. కనుక చెరువును పూడ్చినచో పోవునది నీరు మాత్రమే కాదు, ఒక కుటుంబము యొక్క జీవనము. అందు మురుగు కలిపినచో ఆ కీడు గడ్డిద్వారా మన ఇంటి పాలగిన్నెవరకు రాదని ఎవరు చెప్పగలరు?

ఈ ఇచ్చిపుచ్చుకొనుటకు వేరొక నిదర్శనము, తెలుగు మాటలాడువారు పెక్కుమంది గల కోలారు జిల్లా. అచ్చట జీవనది లేదు. పెక్కుచోట్ల గొట్టపుబావులు వేయి అడుగులు దాటినవి. 2018లో బెంగళూరులోని కోరమంగళ, చల్లఘట్ట లోయనుండి శుద్ధిచేసిన మురుగునీటిని ఆ జిల్లా చెరువులకు పంపసాగిరి. ఎండిన చెరువులు నిండెను; చుట్టుపట్ల భూగర్భజలము పైకి వచ్చెను. రైతు సంతసించెను. కాని రెండు దశల శుద్ధి చాలునా, మూడవ దశ వలదా అను వాదము బయలుదేరెను. ఇది కేవలము తగవు కాదు. ఆ నీరు ఇంకిన నేలలోనే త్రాగునీటి బావులును ఉన్నవి. ఇట్టి సందేహమును తీర్చుటకు ఆవేశముకంటె ఏటేట నీటిని పరీక్షించుట అవసరము. పక్షపాతము లేని విశ్వవిద్యాలయములు చేయదగిన సేవ ఇదియే.

అయినను విశ్వవిద్యాలయము కొలువగలదు గాని ఆజ్ఞాపింపజాలదు. ఎకరము అమ్మవలెనా, ఉంచవలెనా యని రాత్రి దీపము ముందు కూర్చుండి యోచించు రైతునకు ఆ కొలతలు అతని భాషలో అందవలెను. వీధి వేయుటకు పటము గీయు నగరపాలకుని బల్లపైకిని అవి చేరవలెను. లేనిచో ఎంతటి శాస్త్రమైనను బీరువాలో నిద్రించును. నీరు ఎచ్చటనుండి వచ్చెను, మురుగు ఎచ్చటికి పోవును అను రెండు ప్రశ్నలు ప్రతి నగరవాసియు వేసికొన్ననాడు, పొలిమేర ఎచ్చటనో మనకు తెలియును. అది మన ఇంటి కొళాయి కడనే ఉన్నది.