పదహారు తీగలు... ఒక గొంతు

గిటారు భుజాన వేసుకుని సొంత పాట పాడుకునేవాళ్లు ఒకవైపు. పదేళ్లు నొటేషన్‌తో కుస్తీ పట్టిన వయొలిన్, చెల్లో విద్వాంసులు మరోవైపు. ఒకప్పుడు వేర్వేరు గుమ్మాల్లోంచి వచ్చిపోయిన ఈ రెండు జట్లూ అమెరికాలో ఇప్పుడు ఒకే వేదిక ఎక్కుతున్నాయి. ఈ వారం ముఖచిత్ర కథనం ఆ కచేరీల గురించే.

బోస్టన్ జోర్డన్ హాల్లో ‘ఎ ఫార్ క్రై’ బృందం వాయిస్తుంటే ముందుగా కొట్టొచ్చినట్టు కనిపించేది ఒక లోటు. వేదిక మీద కండక్టర్ ఉండరు. వయొలిన్లు, వయొలాలు పట్టుకుని వాద్యకారులు నిలబడే ఉంటారు. కూర్చునేది చెల్లో వాయించేవాళ్లే. ఎవరెప్పుడు అందుకోవాలో చెప్పే కర్ర లేదు కాబట్టి, పక్కవాళ్లు ఊపిరి తీసుకోవడం చూసి బో ఎత్తుతారు. 2007లో మొదలైన ఈ తీగవాద్య బృందం పదేళ్లు తిరిగేసరికి ఓ సాహసం చేసింది. ఒకే రచనను ఐదుగురు మహిళా స్వరకర్తలతో కలిపి రాయించింది. దాని పేరు ‘ది బ్లూ అవర్’.

రేచల్ గ్రైమ్స్, ఆంహెలికా నెగ్రోన్, షారా నోవా, కరోలైన్ షా, సారా కర్క్‌లాండ్ స్నైడర్... ఈ ఐదుగురిలో బ్యాండు నడిపినవాళ్లున్నారు, పులిట్జర్ గెలిచిన స్వరకర్త కూడా ఉంది. వాళ్లు తీసుకున్న సాహిత్యం కరోలిన్ ఫోర్షే దీర్ఘకవిత ‘ఆన్ ఎర్త్’. చివరి ఘడియల్లో ఉన్న మనిషి మనసులో మెదిలే జ్ఞాపకాలను ఆ కవయిత్రి ఆంగ్ల అక్షరమాల వరసలో పేర్చింది. పలక మీద అమ్మ, ఆవు అని దిద్దిన క్రమమే ప్రాణం పోయేటప్పుడు మళ్లీ కళ్లముందుకొచ్చినట్టు ఉంటుంది. 2017లో తొలి ప్రదర్శనల్లో బ్రెజిల్ గాయని లూసియానా సోజా పాడింది. 2022లో వచ్చిన ఆల్బమ్‌లో మాత్రం స్వరకర్తల్లో ఒకరైన షారా నోవాయే గొంతు కలిపింది. నలభై చిన్నచిన్న ముక్కలు. ఏది ఎవరు రాశారో చెవితో పోల్చుకోవడం కష్టం.

ఇలాంటి కచేరీ ఇరవయ్యేళ్ల కిందటైతే ఊహకందేది కాదు.

అద్దె వయొలిన్ల కాలం

పాప్ పాటకు వయొలిన్లు కొత్త కాదు. 1965లో బీటిల్స్ ‘యెస్టర్‌డే’కి స్ట్రింగ్ క్వార్టెట్ పెట్టారు. అంటే రెండు వయొలిన్లు, ఒక వయొలా, ఒక చెల్లో. మొత్తం పదహారు తీగలు. మరుసటి ఏడాది ‘ఎలనార్ రిగ్బీ’కి ఎనిమిది మందిని పిలిచారు. బ్యాండులో ఎవరూ వాద్యం ముట్టుకోలేదు. నిర్మాత జార్జ్ మార్టిన్ రాసిన స్వరాలే మొత్తం మోశాయి. సౌండ్ ఇంజినీర్ జెఫ్ ఎమెరిక్ మైకుల్ని తీగలకు ఆనుకునేంత దగ్గరగా జరిపితే, ఏ చిన్న తప్పయినా పట్టుబడిపోతుందన్న భయంతో వాద్యకారులు టేకు టేకుకీ కుర్చీలు వెనక్కి లాక్కునేవారట. ఆ పాటలో బో తీగను కొరికే చప్పుడు ఇప్పటికీ చెవిలో గుచ్చుకుంటుంది.

1969లో నిక్ డ్రేక్ తొలి ఆల్బమ్ ‘ఫైవ్ లీవ్స్ లెఫ్ట్’ వచ్చింది. అందులో ‘రివర్ మ్యాన్’ ఐదు మాత్రల నడక. ఖండచాపు అలవాటైన మన చెవికి అది వెంటనే ఇల్లు చేరుతుంది. హ్యారీ రాబిన్సన్ రాసిన స్ట్రింగ్స్ ఆ పాట కింద నిజంగానే నదిలా కదులుతాయి. అయితే ఇవి లెక్కకు దొరికే మినహాయింపులు. మిగతా చోట్లంతా మన సినిమావాళ్లు అనే మాటే సరిపోతుంది: పాటకి ‘స్ట్రింగ్స్ వేశారు’. రికార్డింగ్‌కి పిలిచి, కాగితం ముందుపెట్టి, మూడు గంటల కూలీ ఇచ్చి పంపేస్తారు. వాళ్లు చేసేదల్లా నాలుగేసి మాత్రలు ఒకే స్వరాన్ని పట్టుకుని ఉండటం. అమెరికన్ వాద్యకారులు ఆ గుండ్రటి నోట్లను ‘ఫుట్‌బాల్స్’ అని వెక్కిరిస్తారు.

ఈ వరసను ముందుగా గట్టిగా కదిపింది రాక్ గాయకుడు ఎల్విస్ కాస్టెల్లో. వెరోనాలో జూలియట్ పేరున వచ్చే ఉత్తరాలకు ఓ ప్రొఫెసరు జవాబులు రాసేవారన్న వార్త చదివి, బ్రాడ్‌స్కీ క్వార్టెట్‌తో కలిసి ‘ది జూలియట్ లెటర్స్’ తయారుచేశాడు. 1993లో ఆల్బమ్ వచ్చింది. డ్రమ్స్ లేవు, గిటారు లేదు. అప్పటిదాకా నొటేషన్ రాయడం రాని కాస్టెల్లో ఆ పని కోసం నేర్చుకున్నాడు. క్వార్టెట్ సభ్యులేమో పాటలకు మాటలు రాశారు. ఎవరి గట్టు వాళ్లు దాటారు. రాక్ అభిమానులు కొందరు మొహం చిట్లించారు, శాస్త్రీయ విమర్శకులు కొందరు మూతి తిప్పారు. నా మటుకు నాకు అందులో సగం పాటలు నాటకీయత ఎక్కువై బరువుగా అనిపిస్తాయి. అయినా తోవ వేసింది అదే.

రెడ్ హుక్ కుర్రకారు

అసలు ఊపు 2008 నుంచి బ్రూక్లిన్‌లో వచ్చింది. కన్సర్వేటరీల నుంచి ఏటా వచ్చేవాళ్లెక్కువ, ఆర్కెస్ట్రాల్లో ఖాళీలు తక్కువ. జూలియార్డ్ సంగీత కళాశాలలో చదివి సాయంత్రాలు బ్యాండ్లతో వాయించడం వాళ్లకు బతుకుతెరువు, సరదా కూడా. రేడియోహెడ్, బ్యోర్క్ వింటూ పెరిగిన తరం అది. అందుకే బాక్ పక్కన వాటిని పెట్టుకోవడానికి మొహమాటపడలేదు. 2008లోనే స్నైడర్, జడ్ గ్రీన్‌స్టీన్, విలియం బ్రిటెల్ కలిసి ‘న్యూ ఆమ్‌స్టర్‌డామ్ రికార్డ్స్’ పెట్టారు. అదే ఏడాది మూడు తీగవాద్యాలు, ఫ్లూటు, క్లారినెట్, ట్రంపెట్‌తో ‘వైమ్యూజిక్’ అనే ఆరుగురి జట్టు పుట్టింది. 2011 జనవరిలో న్యూయార్క్ మెర్కిన్ హాల్లో గ్రీన్‌స్టీన్ ‘ఎక్‌స్టాటిక్ మ్యూజిక్ ఫెస్టివల్’ మొదలుపెట్టాడు. పాటగాళ్లనీ స్వరకర్తలనీ జతకట్టి, కలిసి కొత్తది చేయండని చెప్పడమే దాని పద్ధతి. 2012లో శాండీ తుపాను బ్రూక్లిన్ రెడ్ హుక్ పేటలో ఉన్న న్యూ ఆమ్‌స్టర్‌డామ్ కార్యాలయాన్ని ముంచెత్తి సీడీల గుట్టలను నాశనం చేసినా సంస్థ నిలబడింది.

రాకపోకలు రెండువైపులా సాగాయి. ‘ది నేషనల్’ బ్యాండు గిటారిస్టు బ్రైస్ డెస్నర్ యేల్‌లో సంగీతం చదివినవాడే. క్రోనోస్ క్వార్టెట్ అడిగితే ‘ఆహైమ్’ రాసిచ్చాడు. సుఫ్జాన్ స్టీవెన్స్ చేసిన ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌ను ఓసో క్వార్టెట్ తీగల మీదికి మార్చుకుంది. కరోలైన్ షా అయితే వయొలిన్ వాయిస్తుంది, పాడుతుంది, రాస్తుంది. 2013లో ముప్పయ్యేళ్లకే పులిట్జర్ అందుకుంది. సంగీత విభాగంలో అంత చిన్న వయసులో అది ఎవరికీ రాలేదు. అటాకా క్వార్టెట్‌తో చేసిన ‘ఎవర్‌గ్రీన్’లో తన పాటలు తనే పాడింది. వాగ్గేయకారుల సంప్రదాయం ఉన్న మనకు ఇది వింతేమీ కాదు. రాసేవాళ్లు వేరు, వాయించేవాళ్లు వేరు అని వందేళ్లకు పైగా గీత గీసుకున్న పాశ్చాత్య శాస్త్రీయ లోకానికి మాత్రం ఇది మళ్లీ నేర్చుకున్న పాత అలవాటు.

పీనెలపీ ఎదురుచూపు

ఈ కచేరీలన్నిటిలో ఒకటి చెప్పమంటే నేను స్నైడర్ ‘పీనెలపీ’ పేరే చెబుతాను. లాస్ ఏంజెలెస్ గెట్టీ సంస్థ కోసం నాటకకర్త ఎలెన్ మెక్‌లాగ్లిన్ రాసిన ఏకపాత్ర నాటకం ఇది. మొదట ఒక నటికీ ఒక స్ట్రింగ్ క్వార్టెట్‌కీ సరిపడేట్టు కుట్టారు. 2009లో దాన్ని షారా నోవా గొంతు కోసం, సిగ్నల్ అనే బృందం కోసం పద్నాలుగు పాటల మాలగా తిరగరాశారు. మరుసటి ఏడాది ఆల్బమ్ వచ్చింది.

ఇరవయ్యేళ్ల తర్వాత ఓ సైనికుడు ఇంటికొస్తాడు. తనెవరో తనకే గుర్తుండదు. భార్య పక్కన కూర్చుని అతనికి గ్రీకు ఇతిహాసం ‘ఒడిస్సీ’ చదివి వినిపిస్తుంటుంది. అందులో భర్త కోసం ఎదురుచూసే ఇల్లాలి పేరే పీనెలపీ. మన ఆడవాళ్లు పాడుకునే ‘ఊర్మిళాదేవి నిద్ర’లో పద్నాలుగేళ్ల తర్వాత వచ్చిన లక్ష్మణుణ్ణి ఊర్మిళ పరాయి మగాడనుకుని గదమాయిస్తుంది. ‘పీనెలపీ’లో భార్య గుర్తుపడుతుంది, భర్త గుర్తుపట్టలేడు. ముఖం తెలిసినా, తొలి పాటలో ఆమెకు భర్త ఇంకా అపరిచితుడే. తర్వాత పాట పాటకీ కథలోకి ‘ఒడిస్సీ’ పాత్రలైన కలువపువ్వు తిని ఇల్లు మరిచినవాళ్లు, సర్సీ, కాలిప్సో వచ్చిపోతారు. చివరికి అతను సముద్రం వైపు చూస్తుంటాడు. అతనికి జబ్బు నయమైందని పాట చెప్పదు.

షారా ఉత్తర టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఒపెరా చదివింది, తర్వాత ‘మై బ్రైటెస్ట్ డైమండ్’ పేరుతో రాక్ పాటలు పాడింది. ఆ రెండు చదువులూ ఇందులో పనికొచ్చాయి. ఒపెరా గొంతు మైకు లేకుండా ఆర్కెస్ట్రాను దాటి వెళ్లాలి కాబట్టి మాట కన్నా నాదానికే బలమిస్తుంది. ఇండీ (స్వతంత్ర బ్యాండ్ల) గొంతు మైకుకు ఆనుకుని గుసగుసలాడుతుంది. షారా కంపనం తగ్గించి మాట స్పష్టంగా పలుకుతుంది, అవసరమైనప్పుడు మాత్రం ఆ దాచిన బలాన్ని బయటికి తీస్తుంది. అసలు చిక్కు కచేరీ హాల్లో వస్తుంది. మైకు లేని వయొలిన్ వెనక వరసదాకా వినపడాలని కట్టిన హాల్లో డ్రమ్స్ మోగిస్తే మాటలు, తీగలు కలిసి ముద్దయిపోతాయి. వయొలిన్‌కి పికప్ తగిలిస్తే నాదం పలచబడుతుంది. ఇలాంటి కచేరీ సగం సౌండ్ డెస్కు దగ్గరే తేలిపోతుంది.

చెవికి ఓ కొలబద్ద

ఈ కలయికల్లో చాలావరకు చప్పగా ఉంటాయన్నది కూడా నిజం. బలహీనమైన పాటకు ఖరీదైన తీగల పట్టుచీర కట్టి పంపడం ఇక్కడా జరుగుతోంది. నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే: క్వార్టెట్‌ను తీసేసి గిటారొక్కటే ఉంచితే పాట యథాతథంగా నిలబడుతోందా? నిలబడితే ఆ నలుగురూ అలంకారానికే వచ్చారు. ‘పీనెలపీ’లో తీసేయండి, కథలో సగం పోతుంది.

ఈ కొలబద్ద మనకు కొత్తది కాదు. బాలుస్వామి దీక్షితార్ కాలంలో కర్ణాటక కచేరీలోకి వచ్చిన వయొలిన్ పక్కవాద్యంగానే కూర్చుంది కానీ ఎప్పుడూ నేపథ్యంలోకి జారిపోలేదు. గాయకుడి వెన్నంటే నడుస్తుంది, తన వంతు రాగానే రాగం మొత్తాన్ని తిరిగి అప్పజెబుతుంది. ద్వారం వెంకటస్వామినాయుడు దాన్ని ఏకంగా సోలో పీఠం ఎక్కించారు. 2005లో క్రోనోస్ క్వార్టెట్ ఆర్.డి. బర్మన్ పాటల ఆల్బమ్ చేసినప్పుడు డెబ్బై దాటిన ఆశా భోస్లే పాడింది, జాకిర్ హుస్సేన్ తబలా వాయించాడు. అక్కడ బర్మన్ ఆర్కెస్ట్రాలో చాలా భాగాన్ని క్వార్టెట్ నలుగురే పొరలు పొరలుగా వాయించి నింపారు. గమకమూ తెలిసి, స్టాఫ్ నొటేషనూ చదవగల వయొలిన్ విద్వాంసులు చెన్నై స్టూడియోల్లో దశాబ్దాలుగా ఉన్నారు. మన సభలు వాళ్లలో నలుగురిని పిలిచి, ఒక తెలుగు కవితో, ఒక పాటగత్తెతో కూర్చోబెట్టి కొత్త రచన ఒకటి చేయించవచ్చు. పెద్ద ఖర్చు కూడా కాదు.

ఈలోగా వినాలనుకుంటే ‘పీనెలపీ’తో మొదలుపెట్టండి. షఫుల్‌లో వద్దు, మొదటి పాట నుంచి పద్నాలుగో పాటదాకా వరసగా వినండి. పాటల సాహిత్యం పక్కన పెట్టుకోండి. వంట చేస్తూనో, బండి నడుపుతూనో వినే సంగీతం కాదది. అది నచ్చితే ‘ది బ్లూ అవర్’కి వెళ్లండి. నచ్చకపోతే దాని జోలికి పోనక్కర్లేదు.