బ్యారీ మెడలో బ్రాందీ పీపా లేదు

గేటు మీద ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అన్న బోర్డు చూడగానే మనకు పొమరేనియన్ గుర్తుకు రాదు. నడుం ఎత్తున్న ఏ అల్సేషియనో, గ్రేట్ డేనో కళ్లముందు నిలుస్తుంది. కుక్క ఎంత పెద్దదైతే అంత ప్రమాదమని ఒక లెక్క. దీనికి పూర్తిగా ఎదురు లెక్క ఇంకొకటుంది: పసిపిల్లల్ని వీపున ఎక్కించుకునే కుక్కల వీడియోలు చూసి, పెద్ద కుక్కలన్నీ పుట్టుకతోనే సాధువులని నమ్మేయడం. రెండూ తప్పే. రెండోది ముచ్చటగా ఉంటుంది కనుక దాన్ని ఎవరూ ప్రశ్నించరు.

ఆ ముచ్చటైన నమ్మకాలకు మూలపురుషుడనదగ్గ కుక్క స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో, ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉంది. పేరు బ్యారీ. 1800లో పుట్టింది. ఇటలీ సరిహద్దు దగ్గర 2,469 మీటర్ల ఎత్తున గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమ ఉంది. మంచులో చిక్కుకున్న బాటసారులకు ఆశ్రయమిచ్చే మఠం అక్కడే ఉంది. సన్యాసులు అక్కడ పెంచిన కుక్కల్లో బ్యారీ ఒకటి. నలభై మందికి పైగా ప్రాణాలు నిలిపిందని ప్రతీతి. నలభై ఒకటో మనిషి దాన్ని చంపేశాడన్న కథ పారిస్ శివార్లలోని ఆనియేర్ జంతు శ్మశానంలో స్మారకం మీద చెక్కి మరీ ఉంది. రాతి మీద ఉన్నా అది కట్టుకథే. ముసలిదైన బ్యారీని 1812లో మఠం వాళ్లు బెర్న్‌కు పంపేశారు. అక్కడే విశ్రాంతిగా గడిపి 1814లో చనిపోయింది.

ఇక మెడలో వేలాడే బ్రాందీ పీపా. అది ఎడ్విన్ లాండ్‌సీర్ పుణ్యం. ఇరవై ఏళ్లయినా నిండని ఆ ఆంగ్ల చిత్రకారుడు 1820లో గీసిన బొమ్మలో మంచులో కూరుకుపోయిన మనిషి, అతని మీద రెండు కుక్కలు, ఒకదాని మెడకు చిన్న పీపా. ఆ బొమ్మ అచ్చులో ఊరూరా తిరిగి, పీపా లేని సెయింట్ బెర్నార్డే లేదన్నంతగా జనం మనసులో నాటుకుపోయింది. చలికి కొయ్యబారిన మనిషికి బ్రాందీ పడితే నిజానికి ముప్పే. మద్యం చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది; ఒంటికి వెచ్చగా అనిపిస్తుంది గానీ లోపలి వేడి బయటికి పోతుంది.

సన్యాసుల నుంచి ఆ కుక్కల పెంపకాన్ని 2005లో బ్యారీ ఫౌండేషన్ తీసుకుంది. మంచులో వెతుకులాటకు ఇప్పుడు హెలికాప్టర్లున్నాయి. ఆ కుక్కలు ఇప్పుడు వృద్ధాశ్రమాలకు, వికలాంగుల దగ్గరికి పలకరింపుకు వెళుతున్నాయి.

కుక్క దగ్గరుంటే మనసు కుదుటపడటం ఉత్త భ్రమ అనేవాళ్లు చదువుకున్నవాళ్లలోనే ఎక్కువ. అమెరికాలో బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల మనస్తత్వ నిపుణుడికి ఆ వెటకారం స్వయంగా ఎదురైంది. ఎవరితోనూ కలవని ఒక పిల్లవాడు తన కుక్క జింగిల్స్‌తో ఇట్టే కలిసిపోవడం చూసి, దాన్నే చికిత్సలో తోడు చేసుకున్నాడు. 1961లో ఆ సంగతి తోటి నిపుణుల ముందు చెబితే, ‘ఫీజులో కుక్కకూ వాటా ఇస్తున్నారా?’ అని నవ్వారట. 2015లో జపాన్‌లోని అజాబు విశ్వవిద్యాలయం వాళ్లు కొలిచి చూశారు. కుక్క, యజమాని ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరిగింది. తల్లీబిడ్డల అనుబంధంలో పనిచేసే హార్మోన్ అదే. మనుషులు పెంచిన తోడేళ్లలో ఆ ఫలితం రాలేదు. అయితే ఈ హార్మోన్‌కు కుక్క సైజుతో పనిలేదు. పెద్ద కుక్క అక్కరకొచ్చేది మరోచోట: మంచం మీద రోగి చెయ్యి కిందికి జారిస్తే చాలు, కింద నిలబడ్డ కుక్క తల అందుతుంది. అది పైకి ఎక్కనక్కర్లేదు, ఎవరూ ఎత్తి పట్టుకోనక్కర్లేదు.

బలం అవసరమైన పనులూ ఉన్నాయి. గల్ఫ్ యుద్ధంలో తలకు దెబ్బ తగిలి జ్ఞాపకాలు, మాట పోగొట్టుకున్న బ్రిటిష్ నావికాదళ ఉద్యోగి అలెన్ పార్టన్‌కు తోడుగా నిలిచింది ఎండాల్ అనే లాబ్రడార్. కీళ్ల జబ్బుతో శిక్షణకే పనికిరాదనిపించుకున్న కుక్క అది. 2001లో కారు ఢీకొని పార్టన్ చక్రాల కుర్చీలోంచి పడి స్పృహ తప్పితే, ఎండాల్ అతన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి, దుప్పటి కప్పి, కారు కింద పడ్డ ఫోన్ తెచ్చి మొహం దగ్గర పెట్టింది. ఇదంతా మహిమ అనుకుంటే శిక్షణ ఇచ్చినవాళ్ల కష్టాన్ని తక్కువ చేసినట్టే. చూపులేనివారి వెంట నడిచే కుక్కల విషయమూ అంతే. దారి దానికి తెలుసునని చాలామంది అనుకుంటారు. ఎటు వెళ్లాలో నిర్ణయించేది మనిషే. గుంత దగ్గర, మెట్టు దగ్గర ఆగడం, అడ్డాలు తప్పించడం కుక్క పని. పట్టీ కట్టుకుని పనిలో ఉన్న కుక్కను నిమరడం డ్రైవింగ్‌లో ఉన్నవాణ్ణి గిల్లడం లాంటిది.

పెద్ద కుక్కే ఎక్కువ కరుస్తుందా? 2008లో పెన్సిల్వేనియా పరిశోధకులు యజమానుల్ని అడిగి ముప్ఫైకి పైగా జాతుల్ని పోల్చితే, కోపిష్టుల్లో ముందు నిలిచినవి పొట్టి డాక్స్‌హండ్, చివావాలు. లాబ్రడార్, భారీ బెర్నీస్ మౌంటెన్ డాగ్ శాంతమూర్తుల వరసలో ఉన్నాయి. కాకపోతే చివావా కాటు గీతతో పోవచ్చు, పెద్ద కుక్క కాటు లోతుగా దిగుతుంది. తోక ఊపితే స్నేహమేనన్న ధీమా కూడా పనికిరాదు. ఒళ్లు బిగబట్టి తోక ఊపుతున్నా, పదేపదే ఆవలిస్తూ పెదాలు నాకుతున్నా, తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూస్తున్నా అది ఇబ్బంది పడుతోందని అర్థం. పిల్లలు మెడ చుట్టూ చేతులేసి వేలాడే ఫోటోల్లో ఈ చూపు తరచూ కనిపిస్తుంది.

మోజు కొద్దీ సెయింట్ బెర్నార్డ్ కొనాలనుకునేవాళ్లు మే నెల విజయవాడను ఒకసారి తలచుకోవాలి. మనలా ఒళ్లంతా చెమట పట్టక, రొప్పుతూ చల్లబడే జీవి అది. బొచ్చు గొరిగిస్తే తేలిక అనుకోవడమూ పొరపాటే. ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది.

చివరిగా మన ఇళ్లలో ఇంకా వినబడే మాట: కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు. ఆ రోజులు ఎప్పుడో పోయాయి. ఇంటి కుక్కైనా, వీధి కుక్కైనా కరిచిందంటే పసుపు, కారం అద్దకండి. సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. టీకాలు ఇప్పుడు నాలుగైదు విడతలే, అవీ భుజానికే.