నవ్వుకు తోడు కావాలి

కొన్నేళ్ల క్రితం ఒక చలికాలంలో మా నాన్నగారు అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. అమ్మ ఇద్దత్ పాటించి నాలుగు నెలల పది రోజులు ఇంట్లోనే ఉంది. గడువు తీరాక కూడా గడప దాటలేదు. నమాజు చేసుకునేది, తస్బీహ్ పట్టుకుని మంచం మీద కూర్చునేది. బీపీ మాత్ర వేళకు వేస్తున్నా రాత్రుళ్లు నిద్ర లేదు, మోకాళ్ల నొప్పులని మూలిగేది. పరీక్షలు చేయిస్తే కొత్త జబ్బేమీ లేదన్నారు.

అంతలో మామిడి కాయల రోజులు వచ్చాయి. మా వీధి ఆడవాళ్లు నలుగురు ఆవకాయ కాయలు, కత్తిపీటలు తెచ్చుకుని మా వరండాలోనే కూర్చున్నారు. "ఖాలా, కొలత మీరే చెప్పాలి. మా చేతికి ఉప్పు కుదరడం లేదు" అన్నారు. మాటల్లో పడి అమ్మ, తాను కాపురానికి వచ్చిన కొత్తలో ఆవపిండి అనుకుని సున్నిపిండి కలిపిన సంగతి చెప్పింది. చెబుతూ చెబుతూ కళ్లవెంట నీళ్లు వచ్చేలా నవ్వింది. నాన్న పోయాక అమ్మ నవ్వు వినడం అదే మొదలు. ఆ రాత్రి తెల్లవార్లూ నిద్రపోయింది.

నొప్పులు పోయాయని నేను చెప్పను. కానీ ఆ నలుగురూ రోజూ మధ్యాహ్నం రావడం మొదలుపెట్టాక అమ్మ లేచి తిరగసాగింది. ఇలా ఎందుకు జరిగిందో తెలుసుకోవాలని పుస్తకాలు తిరగేశాను. తెలిసింది మీతో పంచుకుంటున్నాను.

నవ్వినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుంది? పొట్ట కండరాలు, పక్కటెముకల మధ్య ఉన్న కండరాలు గబగబా బిగుసుకుని గాలిని చిన్న చిన్న దఫాలుగా బయటికి నెడతాయి. ఆ కాసేపు గుండె వేగం పెరుగుతుంది. నవ్వు ఆగాక కండరాలు సడలి ఒళ్లు తేలికపడుతుంది.

2005లో అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ మైకేల్ మిల్లర్ బృందం 20 మంది ఆరోగ్యవంతులకు ఒకసారి నవ్వించే సినిమా, మరోసారి ఆందోళన పెట్టే సినిమా చూపించి పరీక్షించింది. నవ్వినప్పుడు చాలామందికి చేతి రక్తనాళంలో రక్తప్రవాహం పెరిగింది. ఆందోళన పడినప్పుడు తగ్గింది. 2011లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబిన్ డన్‌బార్ బృందం మరో సంగతి బయటపెట్టింది. మనసారా నవ్వినవారు ఆ తర్వాత నొప్పిని కొంత ఎక్కువగా ఓర్చుకోగలిగారు. నవ్వినప్పుడు మెదడులో విడుదలయ్యే ఎండార్ఫిన్‌లే దీనికి కారణమని వారి అభిప్రాయం.

నన్ను బాగా ఆలోచింపజేసింది రాబర్ట్ ప్రొవైన్ అనే శాస్త్రవేత్త పరిశీలన. మనిషి ఒంటరిగా ఉన్నప్పటి కంటే నలుగురిలో ఉన్నప్పుడు సుమారు 30 రెట్లు ఎక్కువగా నవ్వుతాడట. ఆ నవ్వుల్లో ఎక్కువ భాగం జోకులకు వచ్చేవి కావు, మామూలు మాటల మధ్య వచ్చేవే. అంటే నవ్వుకు ముందుగా కావలసింది హాస్యం కాదు, పక్కన ఒక మనిషి.

ఇది మన నూజివీడు వారికి కొత్త కాదు. సీజన్‌లో ఏ మామిడి షెడ్డు దగ్గర నిలబడినా వినిపిస్తుంది. రసాలు ఒక పక్క, బంగినపల్లి ఒక పక్క వేరు చేస్తూ ఆడవాళ్లు ఎండలోనూ నవ్వుతూనే ఉంటారు.

ముంబైలో డాక్టర్ మదన్ కటారియా 1995 మార్చి 13న ఒక పార్కులో ఐదుగురితో నవ్వుల క్లబ్బు ప్రారంభించారు. ఈనాడు అలాంటి క్లబ్బులు ఎన్నో దేశాల్లో ఉన్నాయి. అంతకు ఎంతో ముందే, 1960లలో, మన హైదరాబాదులో ఉర్దూ హాస్యప్రియులు 'జిందా దిలానె హైదరాబాద్' పేరుతో సభలు పెట్టి జనాన్ని కలిసి నవ్వేలా చేశారు. హైదరాబాదు హాస్య రచయిత ముజ్తబా హుసేన్‌కు 2007లో పద్మశ్రీ కూడా వచ్చింది.

సోదరుని చూసి చిరునవ్వు నవ్వడం కూడా సదఖాయేనని దైవప్రవక్త ముహమ్మద్ (స) బోధించారని మనందరికీ తెలుసు. అలాగే ఒకరిని చూసి ఎగతాళిగా నవ్వడాన్ని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరాలో నిషేధించింది. ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నవాడిగా ఈ తేడా నాకు అనుభవమే. తరగతి అంతా కలిసి నవ్విన రోజు పాఠం బాగా గుర్తుంటుంది. ఒక పిల్లవాణ్ని చూసి నవ్విన రోజు, మర్నాడు వాడు బడికి రాడు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. నవ్వు మందుకు బదులు కాదు. బీపీ, షుగర్ మాత్రలు మానకూడదు. ఆపరేషన్ అయినవారు, హెర్నియా ఉన్నవారు పగలబడి నవ్వే వ్యాయామాలకు ముందు డాక్టరును అడగాలి.

చివరగా, నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. ఒక రంజాన్‌లో మన సొసైటీ కిట్లు పంచుతూ ఒంటరిగా ఉంటున్న ఒక పెద్దాయన ఇంటికి వెళ్లాను. "కూర్చో బేటా, కాసేపు" అన్నారు. ఇంకా పన్నెండు ఇళ్లు ఉన్నాయని చెప్పి, సంచి గుమ్మంలో పెట్టి వచ్చేశాను. మళ్లీ రంజాన్ వచ్చేసరికి ఆయన లేరు. ఆ సంచిలో బియ్యం, నూనె, ఖర్జూరాలు అన్నీ ఉన్నాయి. ఆయన అడిగినది మాత్రం అందులో లేదు.

దాతలారా! మీ జకాత్, మీ సదఖాలు ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగిస్తున్నాయి. అల్లాహ్ మీకు ఉత్తమ ప్రతిఫలం ప్రసాదించుగాక! ఈసారి కిట్లు పంచే రోజున మీరూ మాతో రండి. ఒక్కో ఇంట్లో పది నిమిషాలు కూర్చుందాం. ఏం మాట్లాడాలా అని ఆలోచించకండి. ఆవకాయలో ఉప్పు ఎంత వేయాలో అడిగినా చాలు.